తుడుపక్క తుడిచేసిన వాన

ఆమెది గాలిని తుడిచే ఉద్యోగం. నవ్వొస్తే నవ్వుకోండి, ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా అందరూ నవ్వుకుంటూనే ఉన్నారు. తుడుపక్క అని పేరు పెట్టిందీ వాళ్ళే. కింద మెట్లు తుడిచే ఆవిడను గౌరవంగా పెద్దమ్మ అంటారు, మూడో అంతస్తులో కూర్చుని గాలిని తుడిచే మనిషికి మాత్రం ఈ ముద్దుపేరు. ఆమె ఒక్కనాడూ నొచ్చుకోలేదు. పైగా ఫోన్ ఎత్తి, "తుడుపక్కనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేది.

అది నేల కొలతల ఆఫీసు. ఊళ్ళో నేల ఎక్కడ కుంగుతోందో, ఎక్కడ ఉబ్బుతోందో చూసి చెప్పడం వాళ్ళ పని. చూడటానికి ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పన్నెండు రోజులకొకసారి, పొద్దున్న సరిగ్గా ఆరింటికి, ఒక ఉపగ్రహం ఊరి మీదుగా పోతూ రాడార్ తరంగాలను కిందికి వదులుతుంది. అవి నేలను తాకి మళ్ళీ పైకి చేరతాయి. పోయి వచ్చిన తీరును బట్టి నేల ఎంత దూరంలో ఉందో లెక్క తేలుతుంది. పోయినసారి బొమ్మనూ ఈసారి బొమ్మనూ కలిపి చూస్తే కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా దొరికిపోతుంది. మబ్బులున్నా, మంచు పట్టినా ఆ తరంగాలకు లెక్కలేదు.

వాటికి లొంగనిదల్లా ఒక్కటే, గాలిలో ఉండే తేమ. కంటికి కనపడని నీటి ఆవిరి చిక్కగా ఉన్నచోట తరంగం కాస్త మందగిస్తుంది, తడిబట్టలతో నడిచే మనిషికి అడుగు తొందరగా పడనట్టు. యంత్రానికి ఈ సంగతి తెలియదు. ఆలస్యంగా వచ్చింది గనక నేలే దూరం జరిగిందనుకుంటుంది. అంటే కుంగిందని. ఆ లెక్క నమ్మి రిపోర్టు రాస్తే గట్టి నేల మీదున్న బడినో ఆసుపత్రినో ఖాళీ చేయించాల్సి వస్తుంది. అందుకని ప్రతి బొమ్మలోంచీ తేమను తుడిచి, ఒట్టి నేలను మిగల్చాలి. చాలా భాగం కంప్యూటరే తుడుస్తుంది. దానికి తేలని మచ్చల దగ్గర మనిషి కావాలి. ఆమె ఆ మచ్చను చూసి, పాత బొమ్మలు తిరగేసి, "గాలి" అనో "నేల" అనో గుర్తు పెట్టాలి. ఇరవై రెండేళ్ళలో ఆమె గుర్తు తప్పయిందని ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఆమెకు నేల మీద కన్నా గాలి మీదే మనసు. తుడిచేసిన తేమనంతా పారెయ్యకుండా కంప్యూటర్లో ఒక మూల దాచుకునేది. ఆ మూలకు "చెత్త" అని పేరు పెట్టింది, ఎవరూ తెరవకుండా. మధ్యాహ్నం అందరూ డబ్బాలు పట్టుకుని కిందికి పోయాక ఆ చెత్త తెరిచేది. ఊరి రోడ్లూ మేడలూ రైలు పట్టాలూ ఏవీ ఉండవందులో. ఊరి మీద ఆ పొద్దున్న నిలబడిన నీరు మాత్రం ఉంటుంది, ఊదా రంగులో, పసుపులో, నీలంలో. సముద్రం మీంచి నాలికలా లోపలికి చాచుకున్న తేమ, కొండ అవతలి వాలున ఒదిగి పడుకున్న తేమ, మార్కెట్టు మీద ఎందుకో సుడి తిరుగుతున్న తేమ. ఏ రెండు పొద్దులూ ఒకలా ఉండవు. నీరు కనపడకుండా ఇన్ని వేషాలు వేస్తుందని ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు గదా అనుకుంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆ బొమ్మలు తలలోనే ఉండేవి. ఉక్కపోత రోజుల్లో మన తల మీదున్న గాలిలోని నీటినంతా కిందికి దింపితే పాదాలు మునుగుతాయి. ఆమె ఆ లెక్క ఎప్పుడో వేసుకుంది. దర్జీ కొట్టు, మందుల షాపు, సైకిళ్ళ స్టాండు దాటి వెళుతూ, వీధి మొత్తం ఒక చెరువు అడుగున ఉన్నట్టూ, మనుషులందరూ ఆ సంగతి మర్చిపోయి కబుర్లాడుకుంటున్నట్టూ అనిపించేది. ఎవరైనా పలకరిస్తే రెండో పిలుపుకు గానీ వినపడేది కాదు. గర్వం అనుకున్నవాళ్ళు అనుకున్నారు. పెళ్ళి మాట ఆమె ఎత్తలేదు, ఎత్తినవాళ్ళు ఎత్తీ ఎత్తీ అలిసిపోయారు. మేడ మీద రెండు గదులు, దండెం మీద ఒక తువ్వాలు, కిటికీ దగ్గర ఒక కుర్చీ. ఆ తువ్వాలు ఎంతసేపటికి ఆరిందో చూసి రేపటి సంగతి చెప్పేది, అదీ ఎవరైనా అడిగితేనే.

అడిగేవాడు ఒక్కడున్నాడు, తమ్ముడు. బస్సులో అరగంట దూరంలో, సముద్రం ఒడ్డున వాడివి ఉప్పు మడులు. బోరు మోటారు వేసి భూమిలోంచి ఉప్పునీరు తోడి మడుల్లోకి వదులుతాడు. ఎండకు నీరు ఇగిరిపోయి ఉప్పు తేలుతుంది. దాన్ని పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో గట్టుకు లాగి రాశులు పోస్తారు. లాగేది ఎక్కువగా మరదలే. ఆమె పాదాలు తెల్లగా పగిలి ఉంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. తమ్ముడిది రెండూ ఎక్కువే.

అక్కాతమ్ముళ్ళ మధ్య పదేళ్ళ నాటి గొడవ ఒకటుంది. అంత నీరు తోడితే నేల కుంగుతుందని అక్క. కుంగదని తమ్ముడు. కలిసినప్పుడల్లా ఇదే పాట.

"ఒరేయ్, ఆ మోటారు కాస్త తగ్గించు. కింద డొల్ల పడుతోంది. ఏదో ఒకనాడు సముద్రం గట్టెక్కి వచ్చేస్తుంది," అనేది ఆమె.

"అక్కా, నువ్వు ఆకాశంలోంచి చూస్తావు. నేను మోకాళ్ళ దాకా దిగి చూస్తాను. ఎవరికి బాగా తెలుస్తుందంటావ్?"

"మోకాలు కొలబద్దేంట్రా?"

"నాకదే. నా గట్టు నా మోకాలికి దిగువైన రోజున నీకే ముందు ఫోన్ చేస్తాలే."

మరదలు గ్లాసుల్లో టీ పోసి ఇద్దరి ముందూ పెట్టి వెళ్ళిపోయేది. నవ్వుతోందో లేదో తెలిసేది కాదు. తమ్ముడి నవ్వు మాత్రం వీధి చివరి దాకా వినపడేది, అక్క ఆ నవ్వును బస్సెక్కి ఇంటి దాకా మోసుకొచ్చేది. ఇంటికొచ్చాక కూడా జవాబులు వెతుక్కునేది. బొమ్మల్లో ఆ మడుల నుంచి ఏదీ సరిగా తేలేది కాదు. నీళ్ళున్న చోటి నుంచి తరంగం సరిగ్గా తిరిగిరాదు, గట్లూ షెడ్లూ మాత్రమే అక్కడక్కడా చుక్కల్లా కనిపిస్తాయి. కుంగుతోందని ఆమె నమ్మకం. చూపించడానికి చేతిలో గట్టి బొమ్మ ఒక్కటీ లేదు.

ఇలా ఉండగా ఒకరోజు వాతావరణ ఆఫీసు నుంచి ఒక పొడుగాయన వచ్చాడు. ద్వారబంధానికి తల తగలకుండా వంగి, లోపలికి వచ్చాక కూడా కాసేపు వంగే ఉన్నాడు. మెత్తటి మనిషి.

"మీరు పారేసేదే మాకు కావాలండి," అన్నాడు.

"ఏది?"

"తేమ. బొమ్మలోంచి తుడిచేస్తారట కదా."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట నవ్వకుండా అన్న మొదటి మనిషి ఆయనే. ఆమెకు కుర్చీ చూపించడం కూడా తోచలేదు. ఆయన నిలబడే చెప్పాడు. గాలిలో నీరెంత ఉందో తెలియకుండా వాన సంగతి చెప్పడం గుడ్డివాడి నడకేనట. వాళ్ళకున్నది రోజుకు రెండుసార్లు ఎగరేసే బెలూన్. అది ఎగిరిన చోటి సంగతి తెలుస్తుంది, మిగతా ఊరంతా అంచనాయే. ఆమె బొమ్మల్లో అయితే వీధి వీధికీ తేమ ఉంది. దాన్ని వాన లెక్కలు కట్టే కంప్యూటర్‌కు అందిస్తే, మధ్యాహ్నం పడే వాన ఏ మూల పడుతుందో పొద్దున్నే చెప్పొచ్చని ఆయన ఆశ. ఇప్పుడు ఒకటికి మూడు ఉపగ్రహాలున్నాయి, నాలుగు రోజులకొక బొమ్మ వస్తుంది. ఈ ఉప్పు కాలమంతా పరీక్షించి చూద్దామన్నాడు.

ఆమె లేచి కంప్యూటర్లో "చెత్త" తెరిచింది. ఆయన ఆ పేరు చూశాడు, తర్వాత బొమ్మలు చూశాడు. ఊదా, పసుపు, నీలం ఒకదాని తర్వాత ఒకటి ఆయన కళ్ళద్దాల్లో మెరుస్తుంటే, పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరమైంది ఆమెకు.

అప్పటి నుంచి ఆమెకు పని రెట్టింపయింది. బొమ్మ వచ్చే రోజున ఆరింటికి ఉపగ్రహం పోతుంది. ఏడున్నరకు బొమ్మ దిగుతుంది. తొమ్మిదింటికల్లా ఆమె నేలనూ గాలినీ విడదీయాలి. నేల తన ఆఫీసుకు, గాలి పొడుగాయన ఆఫీసుకు. పదకొండింటికి ఒడ్డు పొడుగునా ఉప్పు మడుల వాళ్ళందరి ఫోన్లకూ కబురు వెళుతుంది: ఈ మధ్యాహ్నం వాన ఉంది, లేదు. ఉప్పు రాశి మీద వాన పడితే ఇక చెప్పేదేముంది, చూస్తుండగానే కరిగి మడిలోకి పోతుంది. కబురందితే టార్పాలిన్లు కప్పుకోవచ్చు. మొదటి నెలలో మూడుసార్లు వాన అన్నారు, మూడుసార్లూ అన్న మూలనే పడింది. ఉప్పువాళ్ళు పొడుగాయనకు చేతులెత్తి నమస్కారాలు పెట్టారు. తమ్ముడైతే కబురు కోసం కూడా ఆగడు, తొమ్మిదింటికే అక్కకు ఫోన్ చేసి కనుక్కునేవాడు.

ఆ రోజుల్లో ఆమె తీరు మారింది. ఉపగ్రహం వచ్చే పొద్దున్న ఆరింటికి కిటికీ తెరిచి నిలబడేది. పైన ఏమీ కనపడదు, చప్పుడూ ఉండదు. ఎంతో ఎత్తున ఏదో తన వీధిని, తన మేడను, దండెం మీది తువ్వాలును ఒక్క క్షణం తాకి వెళ్ళిపోయిందని తెలుసు. ఆ తాకిడి ఎంత నీటిలోంచి ఈదుకుంటూ వచ్చిందో ఇంకో గంటన్నరలో తన కళ్ళతో చూస్తుంది. అలా నిలబడి పాలు పొంగించుకున్న పొద్దులు ఎన్నో.

సీజను ముగియడానికి వారం ఉందనగా ఆ బొమ్మ వచ్చింది. కొండల మీద పలచటి తేమ, సముద్రం మీద మామూలు తేమ. ఒడ్డున, సరిగ్గా తమ్ముడి మడుల మీద, బొటనవేలి గోరంత గుండ్రటి మచ్చ. చుట్టూ శుభ్రంగా ఉంది. లెక్క చూస్తే రెండు సెంటీమీటర్ల లోతు.

ఆమెకు భయం వెయ్యలేదు, సంతోషమేసింది. కుంగింది. పదేళ్ళుగా చెప్పింది ఇదిగో, కళ్ళ ముందు. మోకాలితో కొలుస్తానన్న పెద్దమనిషి ఇప్పుడేమంటాడో చూడాలి. కొన్ని రోజుల్లో నేల అంత లోతు కుంగాలంటే కింద ఏదో కూలాలి, అలాంటి మచ్చ కనపడితే ముందు గాలినే అనుమానించాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజున ఆమె నేర్పే పాఠమే అది. మడుల పక్కన నేల ఎత్తు కొలిచే స్తంభం ఒకటుంది, దాని లెక్క అడిగితే గంటలో తేలిపోయేది. అడగలేదు. పంతం మనిషి కళ్ళకు గంతలు కడుతుందంటే, ఇరవై రెండేళ్ళ అనుభవమున్న కళ్ళకు కూడా కడుతుంది. మచ్చ మీద "నేల" అని గుర్తు పెట్టింది. గాలి బొమ్మలో ఆ చోటు చదునైపోయింది. తొమ్మిదింటికి అది పొడుగాయనకు వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది.

"అక్కా, ఏంటి ఇవాళ? రేపు లారీ వస్తోంది. రాశులు తడిగా ఉన్నాయి, విప్పి ఎండబెట్టుకోమంటావా?"

"విప్పుకో. నీ వైపు గాలిలో ఏం లేదు. కానీ నీకో బొమ్మ చూపించాలి, సాయంత్రం వస్తున్నా."

"ఏం బొమ్మ?"

"నీ మోకాలి బొమ్మ," అని పెట్టేసింది. చాలా ఏళ్ళకు అంత హాయిగా నవ్వుకుంది.

పదకొండింటికి వాన లేదని కబురు వెళ్ళింది. మూడింటికి ఆమె టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చింది. ఊరంతా ఎండ. ఒడ్డు వైపు మాత్రం ఒకే ఒక మబ్బు, కింద చదునుగా, పైన తెల్లగా పొంగుతూ, ఎవరో అక్కడే నిలబెట్టినట్టు కదలకుండా ఉంది. ఆమె ముందు దాన్ని ముచ్చటగా చూసింది. తర్వాత అది ఎక్కడుందో చూసింది. మబ్బు అడుగు నుంచి బూడిదరంగు తెర ఒకటి మెల్లగా, ఏ తొందరా లేకుండా, కిందికి దిగుతోంది. తాను పొద్దున్న తుడిచేసిన నీరు అది. చప్పుడు లేకుండా, అంత దూరంలో, కలలో జరుగుతున్నట్టు కురుస్తోంది. గ్లాసు చేతిలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయి నలభై నిమిషాలు అక్కడే నిలబడింది.

సాయంత్రం బస్సెక్కలేదు. తమ్ముడే ఫోన్ చేశాడు.

"మొత్తం పోయిందక్కా. ఒక్క రాశి మిగల్లేదు. ఆ పొడుగాడి మాట నమ్మి విప్పుకున్నాం. వాడు దొరకనీ చెప్తాను."

"ఊఁ," అంది ఆమె.

"నువ్వేం చేస్తావులే. నువ్వు ఇచ్చింది నువ్విచ్చావు. లెక్క కట్టడం రానిది వాడికి."

"ఊఁ," అంది మళ్ళీ. ఆ రెండు ఊఁలకూ ఆమెకు తన మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. తప్పు తనదని చెప్పలేకపోయింది. ఇరవై రెండేళ్ళ పేరు పోతుందని కొంత. వాడు ఇక తన మాట నమ్మడని ఎక్కువ.

నాలుగు రోజులకు మరో బొమ్మ దిగింది. కుంగిన నేల కుంగినట్టే ఉంటుంది, తేమ అయితే వచ్చి పోతుంది. మడుల దగ్గర మచ్చ లేదు. గట్లు, షెడ్లు, కొలత స్తంభం, అన్నీ పాత చోటునే చక్కగా నిలబడి ఉన్నాయి. ఆమెకు కొత్తగా తెలిసిందేమీ లేదు, ఆ రోజు మూడింటికి కిటికీ దగ్గరే తెలిసింది. అయినా ఆ శుభ్రమైన బొమ్మను చూస్తూ కూర్చుంటే కళ్ళు మసకబారాయి. తమ్ముడి నేల క్షేమంగా ఉన్నందుకు బాధపడాల్సి వచ్చిన అక్క లోకంలో తనొక్కతేనేమో అనుకుంది.

మర్నాడు నేల కొలతల ఆఫీసు హాల్లోనే మీటింగ్. రాడార్ తేమతో వాన చెప్పే పరీక్ష కొనసాగించాలా, మూసెయ్యాలా అని. ఆఫీసు పెద్దసారు మధ్యలో కూర్చున్నాడు. ఉప్పువాళ్ళ తరఫున ముగ్గురు వచ్చారు, వాళ్ళలో తమ్ముడొకడు, చొక్కా మీద ఉప్పు మరకలతోనే. పొడుగాయన లేచి నిలబడ్డాడు.

"మా లెక్క తప్పిందండి. ఎందుకు తప్పిందో ఎంత వెతికినా దొరకలేదు. ఆ చోట గాలి పొడిగా ఉన్నట్టే చూపించింది. మరి ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో..." అని ఆగిపోయాడు.

"నీరు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలీదు. ఉప్పు ఎక్కడికి పోయిందో తెలుసు," అన్నాడు తమ్ముడు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

మూసేద్దామని పెద్దసారు కలం తీశాడు. పొడుగాయన తల ఇంకాస్త వంగింది. వెనక వరుసలోంచి తుడుపక్క లేచింది.

"ఆగండి సార్. ఆయన లెక్క తప్పు కాదు. ఆయనకు నేను ఇచ్చిన బొమ్మే తప్పు."

తెర దగ్గరకు నడిచి, తుడవని బొమ్మ పెట్టింది. ఊదారంగులో గుండ్రంగా, చుట్టూ పసుపు అంచుతో, మడుల మీద ఆ మచ్చ హాలంత పెద్దదిగా కనిపించింది.

"ఇది ఆ పొద్దున్న ఆరింటికి అక్కడున్న నీరు. నేను దీన్ని నేల అని గుర్తు పెట్టి తీసేశాను. చూసుకోకుండా చేసిన పొరపాటు కాదు. ఆ నేల కుంగుతోందని పదేళ్ళుగా మా తమ్ముడితో వాదిస్తున్నాను. కుంగితే బావుండుననిపించింది. అనుకున్నదే చూశాను. నిన్నటి బొమ్మలో నేల ఎక్కడిదక్కడే ఉంది."

పొడుగాయన ఆ మచ్చను తన కంప్యూటర్‌లో తిరిగి పెట్టాడు. లెక్క తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి తెర మీద ఆ మచ్చ పక్కనే వాన లెక్క వచ్చింది, మడుల మీద, మూడింటికి పది నిమిషాలు తక్కువలో. పెద్దసారు కలానికి మూత పెట్టాడు.

తమ్ముడు తెర దగ్గరకు వెళ్ళి మచ్చ మీద చెయ్యి పెట్టాడు. అరచేతి మీద ఊదారంగు పడింది.

"ఆరింటికి నేను దీని కిందే ఉన్నానక్కా. మోటారు వేస్తున్నాను. నాకేం తెలీలేదు."

"నాకు తెలిసే ఉండాలిరా."

వాడు చెయ్యి తియ్యకుండానే, "అయితే నా నేల కుంగలేదా?" అన్నాడు.

ఇప్పుడు కూడా అబద్ధం చెప్పలేకపోయింది. "ఆ రోజు కుంగలేదు. ఏటా ఓ కాస్త కుంగుతోందనే నా అనుమానం. ఎంతో నాకు తెలీదు."

వాడు ఆమె వంక చూసిన చూపులో కోపం ఉందో, మరేముందో ఆమెకు అర్థం కాలేదు. మిగతా ఇద్దరితో కలిసి వెళ్ళిపోయాడు.

పెద్దసారు ఏం రాసుకున్నాడో, ఆమె మీద చర్య ఏమిటో ఆ పూట ఆమె అడగలేదు. బస్సెక్కి ఒడ్డుకు వెళ్ళింది. కిటికీలోంచి గాలి తడితడిగా ముఖానికి తగులుతుంటే, మామూలుగా అయితే ఎంత నీరుందో లెక్క కట్టేది. ఆ రోజు లెక్క రాలేదు. మరదలితో ఏమని మొదలుపెట్టాలో అదొక్కటే ఆలోచించింది.

మడుల్లో వాన నీరు ఆకాశాన్ని మోస్తూ నిశ్చలంగా ఉంది. ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ గాలి మొదలైందో తెలియనంత తెల్లగా ఉందక్కడ. గట్టు మీద మరదలు ఒంటరిగా టార్పాలిన్లు కడిగి ఆరేస్తోంది. తమ్ముడు ఇంకా ఇల్లు చేరలేదు. ఆమె చెప్పులు విడిచి గట్టెక్కి, నిలబడే మొత్తం చెప్పింది. మచ్చ సంగతి, పంతం సంగతి, ఫోన్‌లో నవ్వుకున్న సంగతి కూడా దాచలేదు. మరదలు టార్పాలిన్ చివర పట్టుకుని వింది. రెండో చివర పట్టుకోమన్నట్టు ఆమె వైపు చాచింది. ఇద్దరూ కలిసి దులిపి ఆరేశారు.

"ఆ పొద్దున్న పలక బరువుగా కదిలింది వదినా," అంది మరదలు. "ఉప్పు చేతికి అంటుకుంటోంది. కప్పేద్దామని ఆయనతో అన్నాను. వాన లేదని మా అక్క చెప్పింది, నీకేం తెలుసు అన్నాడు."

తుడుపక్క గట్టు మీద కూర్చుండిపోయింది. పెద్దసారు ముందు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆకాశంలోంచి తను చూసీ కాదన్నదాన్ని ఈ మనిషి పగిలిన అరచేతుల్తో పట్టుకుంది. ఆ మాట చెల్లకుండా పోవడానికి తన పేరే అడ్డొచ్చింది. ఉప్పు పోయినందుకు కన్నా అందుకే ఎక్కువ ఏడ్చింది.

మరదలు ఓదార్చలేదు. బకెట్‌లో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పక్కన వచ్చి కూర్చుంది.

"ఇకమీదట అలాంటి మచ్చ కనిపిస్తే ఆయనకి కాదు, నాకు ఫోన్ చెయ్యండి."

"అది గాలో నేలో నాకే తెలీకపోతే?"

"తెలీదనే చెప్పండి వదినా. కప్పుకోవడం మాకొచ్చు."